చెంపతో వేడి చూసే మనిషి

మొన్న పొద్దున పోపు వేస్తుంటే ఫోన్ మోగింది. దోహాలో నాతో కలిసి పనిచేసినావిడ ఏదో బొమ్మ పంపింది. చూస్తే మా పాత నర్సరీ వాళ్ళ కొత్త ప్రకటన. రంగురంగుల గది, నవ్వుతున్న పిల్లలు, వెనక గోడ దగ్గర నున్నటి చెక్క కంచె, కంచె లోపల నూనె హీటర్. కింద గొప్పగా రాసుకున్నారు, 'మీ చిన్నారుల భద్రత కోసం మేము ప్రత్యేకంగా రూపొందించిన హీటర్ కంచెలు' అని.

మేమట! పోపు మాడిపోయింది గానీ నా కోపం దిగలేదు. స్టవ్ ఆపేసి ఆ బొమ్మని వేళ్ళతో పెద్దది చేసి చూశాను. ఆ పట్టీలు, ఆ గుండ్రటి మూలలు, అన్నీ అక్కడి వడ్రంగి చేతివే. ఏ వీళ్ళు, ఎప్పుడు రూపొందించారు? ఒక్క మేకు కొట్టిన పాపాన పోయారా? ఆ కంచె చేసిన మనిషిని గేటు బయట నిలబెట్టినవాళ్ళు ఇప్పుడు దాన్ని ప్రకటనలో వేసుకుంటున్నారు. సిగ్గు లేకపోతే సరి. ఇన్నేళ్ళూ ఈ సంగతి మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇక ఊరుకోదలచుకోలేదు.

ఆ వడ్రంగి పేరు మాత్రం రాయను. అక్కడ ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళూ లేరు. అరబ్బీలో వడ్రంగిని నజ్జార్ అంటారు. డ్రైవరుకీ, కాపలావాడికీ, మేనేజరమ్మకీ ఆయన ఉత్త నజ్జార్. నేను 'అన్నగారూ' అంటే మొదట్లో వెనక్కి తిరిగి, ఎవరొచ్చారా అని చూసేవాడు. జగిత్యాల వైపు మనిషి. యాభై దగ్గర పడుతున్నట్టుండేవాడు. కాంక్రీటు పోసే ముందు చెక్కలతో అచ్చులు కట్టే షట్టరింగ్ పని ఇరవై ఏళ్ళు చేసి, నడుము పట్టేస్తే, కంపెనీ ఆయన్ని మా నర్సరీకి మరమ్మతుల డ్యూటీకి పంపింది. తలుపులు, అలమరాలు, ఊడిన పీటలు బాగుచెయ్యడం ఆయన పని. పిల్లలున్నంత సేపూ పనివాళ్ళు గదుల్లోకి రాకూడదు, పిల్లల్ని ముట్టుకోకూడదు. అది నర్సరీ నియమం. ఆయన వరండాలోనే కూర్చుని పని చేసుకునేవాడు.

ఖతార్‌లో హీటర్ ఏమిటి, అక్కడ ఎండలే కదా అని ఇక్కడ కాకినాడలో అందరూ నవ్వుతారు. నవ్వేవాళ్ళు జనవరిలో ఒక్క పొద్దున దోహాలో మా నర్సరీ ఉన్న అల్ తుమామా పేటకి వచ్చి పాలరాయి నేల మీద ఒట్టి కాళ్ళతో నిలబడి చూడాలి. గాలి కోసేస్తుంది. మా నర్సరీ ఉన్నది ఒక విల్లాలో. అక్కడి ఏసీలకి చల్లబరచడం తప్ప ఇంకో విద్య రాదు. అందుకని చలికాలం వచ్చిందంటే గదికొక నూనె హీటర్ తెచ్చి పెట్టేవాళ్ళు. ఇనప రెక్కలు వరసగా నిలబెట్టినట్టుంటుంది, లోపల నూనె కాగుతుంది, కింద చక్రాలు. ఎర్రబడదు, చప్పుడు చెయ్యదు. ముట్టుకుంటేనే తెలుస్తుంది.

నేను చూసేది ఏడాది నిండి రెండేళ్ళు నిండని పిల్లల గది. పదకొండు మంది పిల్లలు, ఇద్దరం ఆడవాళ్ళం. అందులో సగం మంది పాకేవాళ్ళు, మిగతా సగం ఏదో ఒకటి పట్టుకుని లేచి నిలబడేవాళ్ళు. ఆ డిసెంబరులో ఒకరోజు ఒక బాబు వేళ్ళ మీద ఎర్రటి గీతలు పడ్డాయి. కుళాయి కింద వాడి చెయ్యి పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలీదు. వాడు గుక్కపట్టి ఏడుస్తూనే ఉన్నాడు. మేనేజరమ్మ వచ్చి చూసి, రిజిస్టర్లో 'కొద్దిగా ఎరుపు' అని రాయమంది.

"హీటర్ ముట్టుకున్నాడని రాస్తానండీ" అన్నాను.

"ఎరుపు అంటే చాలు" అంది. పైగా నాకే చీవాట్లు, కనిపెట్టుకుని ఉండొద్దా అని. నాకేమన్నా పది చేతులున్నాయా?

ఆ మాటలు వరండాలో అలమరా తలుపు బిగిస్తున్న ఆయన చెవిన పడ్డాయి. పిల్లలందరూ వెళ్ళిపోయాక గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"చెల్లె, ఆ పిలగాడు హీటర్‌ను ఎట్ల పట్టుకున్నడు? ముందుగాల ఏ చెయ్యి వెట్టిండు?"

అసలే చిరాగ్గా ఉన్నాను. "ఏ చెయ్యి పెడితే ఏంటండీ? కాలింది, అంతే" అన్నాను.

"గట్ల గాదు. జర చేసి సూపియ్యి."

నేను కదల్లేదు. ఆయనే బూట్లు విప్పి, మూలుగుతూ మోకాళ్ళ మీదికి వంగి, గదంతా పాకడం మొదలుపెట్టాడు. నీలం డంగరీ వేసుకున్న అంత పెద్ద మనిషి బొమ్మల మధ్య పాకుతుంటే నవ్వాలో ఏడవాలో తెలీలేదు. గోడ దగ్గరికి పోయి తడిమాడు. బల్ల దగ్గరికి పోయి తలెత్తి చూశాడు. చివరికి హీటర్ ముందు ఆగి, అక్కడే చతికిలబడ్డాడు.

"గీడికెళ్ళి చూస్తే గదిల పట్టుకునేటందుకు ఇదొక్కటే కనవడ్తున్నది చెల్లె. గోడ నున్నగున్నది. బల్లలు ఎత్తున్నయ్. ఇగ పిలగాడు లేవాల్నంటే దేన్ని పట్టుకోవాలె?"

ఆ గదిలో రెండేళ్ళుగా పనిచేస్తున్నాను నేను. ఒక్కనాడు మోకాళ్ళ మీద కూర్చుని చూడాలని నాకు తట్టలేదు.

ఆ మర్నాటి నుంచి ఆయన భోజనం మా గది అద్దాల తలుపు అవతలే. టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, అన్నం కలుపుతూ, పిల్లల్నే చూస్తుండేవాడు. ఒక్కొక్కణ్ణీ 'ముదీర్' అని పిలిచేవాడు. అరబ్బీలో ముదీర్ అంటే మేనేజరు. అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డ పిల్లతో, "ఏం ముదీర్, డ్యూటీ అయిపోయిందా?" అని మాట్లాడేవాడు. ఎవరైనా హీటర్ వైపు పాకితే అన్నం చేత్తోనే అద్దం మీద కొట్టి, "మాఫీ, ముదీర్, మాఫీ!" అని అరిచేవాడు, వద్దు వద్దని. అద్దం నిండా అన్నం మెతుకులు. తుడవడం నా పని.

మేం టీచర్లం చేసేది కూడా అంతే కదా. 'హాట్! నో!' అని రోజంతా ఇంగ్లీషులో కేకలు. ఆ పిల్లల ఇళ్ళల్లో ఎన్ని భాషలో! మాటలే రాని పసివాళ్ళకి ఏ భాషయితే ఏమిటి? ఆయన ఒకరోజు విని విని విసుక్కున్నాడు.

"వాళ్ళకు జెప్పుడెందుకు చెల్లె? హీటర్‌కు జెప్పాలె."

ఇంకో సంగతి కూడా ఆయనే కనిపెట్టాడు. ఆ బాబు చెయ్యి కాలుతున్నా ఎందుకు తియ్యలేదని నేను ఎన్ని రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నానో! కాలితే ఎవరైనా ఠక్కున చెయ్యి తీసేస్తారు కదా. ఆయన మామూలుగా చెప్పాడు, "ఇడిస్తే పడ్తడు చెల్లె. నిలవడుడు ఇంక రాలే వానికి. పడ్తనన్న భయానికి ఇంక గట్టిగ పట్టుకుంటడు." అదే మాట వెళ్ళి మేనేజరమ్మకి చెప్తే, ఆవిడ కంప్యూటర్లోంచి తల ఎత్తకుండా, "ఇంకా జాగ్రత్తగా చూసుకోండి" అంది.

ఆయన జేబులో ఒక సుతిలి తాడు ఉండేది. నా చేత ఒక్కో పిల్లకీ భుజం నుంచి వేలి కొస దాకా కొలిపించి, ఒక్కో ముడి వేసుకున్నాడు. పదకొండు ముళ్ళు. పొడుగు చేతుల పిల్ల ముడికి ఎర్ర దారం కట్టాడు. కంచెకీ హీటర్‌కీ మధ్య ఎంత ఎడం ఉండాలో ఆ తాడే చెప్పాలి. షట్టరింగ్‌లో అంగుళం తేడా వస్తే కాంక్రీటు బయటికి పొంగుతుందట. "గీడ అంగుళం తేడా వస్తే పిల్ల వేలు లోపలికి పోతది" అనేవాడు.

మొదటి కంచె ఇనుముతో చేశాడు. సైట్లో పారేసిన సన్నటి ఇనప జాలీ తెచ్చి, చుట్టూ చట్రం అతికించి, హీటర్‌కి నాలుగు వేళ్ళ ఎడంలో నిలబెట్టాడు. అప్పటికి తాడు లెక్క ఇంకా పూర్తవలేదు, ముందిది పెట్టి చూద్దామన్నాడు. రెండు గంటలు హీటర్ వేసి ఉంచాక అరచెయ్యి జాలీకి ఆనించి, "సల్లగున్నది చెల్లె. సూడు, నువ్వు గూడ సూడు" అన్నాడు.

ఆయన మాట మీద నేనూ చెయ్యి పెట్టాను. పెట్టి గట్టిగా అరిచాను. జాలీ పెనంలా కాలుతోంది.

ఆయన ముఖం చూడాలి. ముందు నమ్మలేదు. మళ్ళీ అరచెయ్యి పెట్టాడు. రెండో చెయ్యి పెట్టాడు. తర్వాత రెండు అరచేతులూ ముఖం ముందు పెట్టుకుని అలాగే చూస్తుండిపోయాడు. పసుపు పచ్చగా, చెప్పు అట్టలా గట్టిపడి ఉన్నాయవి.

"జూన్ నెలల ఎండకు సలాకలు పట్టుకుంటుంటే మొదట మొదట సుర్రుమంటుండె" అన్నాడు మెల్లగా. "తర్వాత తర్వాత ఏం తెల్వకపోతుండె. మంచిగైందిలే అనుకున్న."

మంచిగైందట! ఒక మనిషి చేత ఇరవై ఏళ్ళు ఎండలో ఇనుము మోయించి, వేడి తెలిసే గుణమే చేతుల్లోంచి తీసేసుకుంటే, ఆ మనిషి మంచిదే అయిందనుకుని బతుకుతున్నాడు. నాకు ఎవరిని తిట్టాలో తెలీక ఆయన్నే తిట్టాను, "ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా చూసుకోవద్దాండీ?" అని. ఆయన నవ్వి, ఆ ఇనప కంచెని అప్పటికప్పుడు విప్పి బయట పడేశాడు. పిల్లలు ముట్టుకోకముందే బయటపడింది, గంతే చాలన్నాడు.

అప్పటి నుంచి ఆయన తన చేతుల్ని నమ్మలేదు. వేడి చూడాలంటే చెంప ఆనించేవాడు. తలుపు గొళ్ళెం, కుళాయి, పాల సీసా, ఎండలో ఉన్న జారుడుబల్ల, ఏదైనా సరే వంగి చెంప ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు ఉండి, "ఆఁ, నడుస్తది" అనేవాడు. చెక్క పట్టీలు నున్నగా అయ్యాయో లేదో కూడా చెంపతోనే. గరుకు కాగితంతో రుద్దడం, చెంప రాయడం, మళ్ళీ రుద్దడం. "చెంపకు గుచ్చుకోకుంటే పిల్లకు గుచ్చుకోదు" అనేవాడు. కాపలావాడు వెనక నుంచి చూసి ముద్దు పెట్టుకుంటున్నాడని వెక్కిరించేవాడు.

ఒక శుక్రవారం నజ్మాలో, మా ఇంటి కింద టీ కొట్టు దగ్గర కనిపించాడు. పక్కన లేబర్ క్యాంపులో ఆయనతో ఉండే గదివాళ్ళు నలుగురు. వాళ్ళు నన్ను చూసి మొహమాటపడ్డారు గానీ ఒకతను ఆగలేక అనేశాడు.

"మేడం, మీరన్న చెప్పుండ్రి మా అన్నకు. షట్టరింగ్‌ల పెద్ద మేస్త్రి ఉండె. గిప్పుడు ఆయా డ్యూటీ చేస్తుండు. రూముల గూడ చాయ్ గ్లాసుకు చెంప వెట్టి చూస్తుండు!"

అందరూ పగలబడి నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. నవ్వుతూనే సంచీలోంచి ఒక చెక్క పట్టీ తీసి, టీ కొట్టు బల్ల మీద నా ముందు పెట్టి, మూల ఇంత గుండ్రంగా ఉంటే చాలునా అని అడిగాడు. సెలవు రోజు కూడా అదే ధ్యాస. పిల్ల పడి నుదురు కొట్టుకుంటే ఎక్కడ తగులుతుందో అక్కడ ఇంకాస్త తియ్యమన్నాను. తల ఊపి, పట్టీ మీద గోటితో గుర్తు పెట్టుకున్నాడు.

చెక్క కంచె తయారవడానికి ఇంకో పది రోజులు పట్టింది. విల్లా యజమాని గోడకి ఒక్క మేకు కూడా కొట్టనివ్వడు. అందుకని కింద వెడల్పాటి పలక వేసి, చక్రాలు తీసేసి హీటర్‌ని దాని మీద కూర్చోబెట్టి, ఆ పలకకే చుట్టూ కంచె బిగించాడు. ఎవరు ఊపినా పడదు. పట్టీల మధ్య పిల్లల వేలు దూరదు, ఎర్ర దారం పిల్ల చెయ్యి చాచినా రెక్కకి అందదు. పైన మాత్రం తెరిచి వదిలేశాడు. "పైన ఏం కప్పొద్దు, బట్టలు ఆరేయొద్దు, అంటుకుంటది. పైలం చెల్లె" అని నాకు వందసార్లు చెప్పాడు. రెండు గంటలు వేడెక్కాక కంచె నాలుగు వైపులా చెంప ఆనించాడు. తర్వాత నన్ను కూడా ఆనించమన్నాడు. చల్లగా, చెక్క వాసనతో ఉంది.

మర్నాడు పిల్లలు దాన్ని పట్టుకునే లేచి నిలబడ్డారు. అంతకు ముందు హీటర్‌ని పట్టుకునేవాళ్ళు, ఇప్పుడు కంచెని పట్టుకుంటున్నారు. అద్దం అవతల ఆయన అన్నం తినడం మానేసి చూస్తున్నాడు.

మేనేజరమ్మకి మాత్రం అది కంట్లో నలుసైంది. పిల్లల్ని పంజరంలో పెట్టినట్టుందంది. ఆ మాట ఆయనకి తెలుగులో చెప్తే, తనకొచ్చిన హిందీలో ఆవిడకే నేరుగా చెప్పాడు, పంజరంలో పెట్టింది పిల్లల్ని కాదు మేడం, హీటర్‌ని అని. ఆవిడకి ఆ మాట మింగుడుపడలేదు. కానీ చెయ్యి కాలిన బాబు వాళ్ళమ్మ కంచె చూసి ఫోటో తీసుకుని, ఎంత మంచి పని చేశారండీ అని మెచ్చుకునేసరికి నోరెత్తలేకపోయింది. మిగతా గదుల హీటర్లకీ ఆయన అలాంటివే చేసిపెట్టాడు. జనవరి అంతా కంచెలు ఉన్నాయి. ఒక్క వేలు ఎర్రబడలేదు.

వరల్డ్ కప్‌కి ఇంకా మూడేళ్ళు పైనే ఉంది గానీ ఊరంతా అప్పుడే పెళ్ళివారిల్లులా ఉండేది. మా నర్సరీ మేడ మీదికెక్కితే తెల్లటి టోపీ ఆకారంలో లేస్తున్న స్టేడియం కనిపించేది. ఆ ఊపులో ఫిబ్రవరి మొదట్లో మా నర్సరీలో 'ఫుట్‌బాల్ డే' అన్నారు. బుడతలందరికీ ముదురెరుపు జెర్సీలు, చిన్న గోలు, తల్లిదండ్రులు, ఒక ఫోటోగ్రాఫరు. ముందు రోజు మధ్యాహ్నం డ్రైవరు కంచెలన్నీ విప్పి స్టోరులో పడేస్తుంటే గొడవకి దిగాను.

"ఫోటోల్లో అసహ్యంగా పడతాయి. నాలుగు గంటలే కదా. హీటర్లు వెయ్యం" అంది మేనేజరమ్మ.

"మాట తప్పరు కదా?"

"నేను చెప్తున్నాను కదా."

ఆయన ఆ మాట విన్నాడు. మేడ మీద నుంచి స్టేడియం చూపించి, "గంత పెద్దదానికి ఎంత పైలంగ కంచె కట్టిండ్రో సూడు చెల్లె, ఎవ్వరు లోపలికి రాకుండ. గీ హీటర్‌కు కడితే పంజరమట" అన్నాడంతే.

మర్నాడు పొద్దున చలి ఎక్కువగానే ఉంది. ఒక తల్లి, గది చల్లగా ఉందే, అంది. అంతే. మేనేజరమ్మ చిరునవ్వుతో వెళ్ళి తన చేత్తోనే హీటర్ మీట నొక్కింది. నేను అవతలి మూల ఒక పిల్లాడికి జెర్సీ తొడుగుతున్నాను, నాకు తెలీదు. గంట గడిచింది. పాటలు గట్టిగా పెట్టారు. తల్లులందరూ గోలు వైపు తిరిగి ఫోన్లు పట్టుకున్నారు. వరండాలో జెండాలు కడుతున్న ఆయనకే కనపడింది, పదమూడు నెలల నూరా గుంపులోంచి విడిపోయి హీటర్ వైపు పాకుతోందని. అద్దం మీద కొట్టాడట. 'మాఫీ' అని అరిచాడట. ఆ హోరులో ఎవరికి వినపడుతుంది?

నేను తల ఎత్తేసరికి ఆయన తలుపు తోసుకుని బూట్లతోనే గదికి అడ్డంగా పరుగెత్తి, హీటర్ పక్కన మోకాళ్ళ మీద పడ్డాడు. రెండు అరచేతులూ హీటర్ రెక్కల మీద పరిచాడు. నూరా ఆ చేతుల మీద తన చేతులు వేసి, ఆనుకుని లేచి నిలబడింది. నిలబడి అందరి వైపూ చూసి నవ్వింది.

పిల్ల వదలదు కదా. వదిలితే పడుతుంది. ఆయన చెయ్యి తీస్తే పిల్ల హీటర్ మీదే పడుతుంది. నేను బొమ్మలు తొక్కుకుంటూ వెళ్ళి నూరాని ఎత్తుకునే దాకా ఆయన ఆ చేతులు అలాగే ఉంచాడు. అరచేతులకి వేడి తెలీదు కదా అని నేను అనుకున్నాను. తెలిసింది. ముఖం నిండా చెమట, పళ్ళు బిగబట్టుకుని ఉన్నాడు. చేతులు తీసినప్పుడు చర్మం రెక్కకి అంటుకుని వచ్చింది.

"ఎత్తుకుంటే పోయేది కదండీ! పిల్లని పక్కకి ఎత్తేస్తే పోయేది కదా!" అని ఏడుస్తూ అరిచాను.

"పిల్లలను ముట్టొద్దన్నరు గద చెల్లె" అన్నాడు.

ఆయన ఆ నియమాన్ని అంతగా పట్టించుకున్నాడు. మేనేజరమ్మ మొదట అడిగిందేమిటో తెలుసా? వీణ్ణి లోపలికి ఎవరు రానిచ్చారని. రెండోది, చాప మీద బూట్ల మరకలేమిటని. ఎవరీ మనిషి అని ఒక తండ్రి అడిగితే, బయటి కంపెనీ వాడు, చర్య తీసుకుంటాం, అంది. హీటర్ వేసిన చెయ్యి ఆవిడదే. ఆ చేత్తోనే మళ్ళీ మీట ఆపేసింది, ఎవరూ చూడకుండా. నేను చూశాను.

మర్నాడు నా ముందు ఒక కాగితం పెట్టింది. కళ్ళారా చూసినదాన్ని కాబట్టి నేను సంతకం చెయ్యాలట. అది ఆయన కంపెనీకి వెళ్తుందట. చదివాక కాగితం బల్ల మీదికి తోసేశాను. జరిగింది మొత్తం నేనే రాస్తాను, నూరా వాళ్ళమ్మకి కూడా చెప్తాను, ఉద్యోగం పోతే పోనీ అన్నాను. ఆలోచించుకోమంది, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని.

మూడో రోజు ఆయన గేటు దగ్గరికి వచ్చాడు, పనిముట్ల పెట్టె కోసం. రెండు చేతులకీ మోచేతి దాకా కట్లు. కాపలావాడు లోపలికి రానివ్వలేదు, పైనుంచి చెప్పారట. పెట్టె నేనే మోసుకెళ్ళాను. పట్టుకోవడానికి ఆయనకి చేతుల్లేవు, వెంట వచ్చినతను అందుకున్నాడు. కాగితం సంగతి చెప్పాను. సంతకం పెట్టననీ, కొట్లాడతాననీ చెప్పాను.

"వద్దు చెల్లె. నన్ను ఎట్లన్న పంపుతరు. గీ చేతులతోని కంపెనీకి నేనెందుకు?"

"అలా అని ఊరుకుంటామా? ఇదేం అన్యాయం!"

"నీ సంతకం కావాలె గద వాళ్ళకు? ఊకెనే ఇయ్యకు. ముందుగాల కంచెలు బిగియ్యమను. అన్ని గదులల్ల. బిగించినంక ఇయ్యి."

నాకు ఆయన మీద కూడా పట్టరాని కోపం వచ్చింది. "మీ గురించి నేను మాట్లాడుతుంటే కంచె గురించి మాట్లాడతారేంటండీ? మీకు న్యాయం అక్కర్లేదా?"

"చలి ఇంక నెల రోజులున్నది చెల్లె" అన్నాడు.

కింద నాలుగు మరలూ గట్టిగా తిప్పమని, పలక మీద హీటర్ సరిగ్గా నడుమ కూర్చుందో లేదో చూసుకోమని, మాటలతోనే అంతా చెప్పాడు. ఆయన చెప్తున్నంత సేపూ కాపలావాడు గేటు సగం మూసి పట్టుకునే ఉన్నాడు. కంపెనీ బండి హారన్ కొడితే, "ఉంటనిగ" అని వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా ఇంటికి పంపేశారని నజ్మాలో ఆయన గదివాళ్ళు చెప్పారు. ఆ తర్వాత ఆయన కబురు నాకు తెలీదు. ఆ చేతులు మళ్ళీ ఉలి పట్టాయో లేదో కూడా తెలీదు.

ఆ మధ్యాహ్నమే మేనేజరమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పాను, కంచెలన్నీ తిరిగి బిగించి, ఇక ఏ పండక్కీ తియ్యమని రాసిస్తే సంతకం పెడతానని. ఇంతేనా అన్నట్టు చూసింది. సంతోషంగా రాసిచ్చింది. డ్రైవరు స్టోరులోంచి కంచెలు తెచ్చి బిగించాడు. ప్రతి మర నేను తిప్పి చూశాను. ఒక్కటి వదులుగా ఉంటే మళ్ళీ బిగించమన్నాను. అన్నీ అయ్యాక వెళ్ళి ఆవిడ ముందు కూర్చున్నాను. ఆవిడ కాగితం జరిపి, కలం నా చేతికిచ్చింది.

అందులో మూడే వాక్యాలు. పనివాడు అనుమతి లేకుండా పిల్లల గదిలోకి వచ్చాడు. బూట్లతో వచ్చాడు. అతని చేతులు ఒక బిడ్డ చేతులకి తగిలాయి. మూడూ నిజమే. ఒక్క అబద్ధం లేదు. హీటర్ అన్న మాట కూడా ఎక్కడా లేదు. కింద నా సంతకం ఉంది.